ముప్పై ఎనిమిది కిలోల కప్పు

కోవిడ్ మాస్కులు తీసేసిన మరుసటి ఏడాది, మార్చి నెల మొదటి సోమవారం ఉదయం ఎనిమిదింబావుకి నేను ఫుట్‌బాల్ కప్పు డిజైన్ బాధ్యతలు స్వీకరించాను. నియామక పత్రం లేదు, పూలదండ లేదు. మా మేనేజింగ్ డైరెక్టర్ మిస్టర్ కో ఒక సొట్టల కప్పు తెచ్చి సరిగ్గా నా కీబోర్డు మీద పెట్టి, "ప్రభా, ఇలాంటిదే కొత్తది. మూడు వారాల టైము. కారకూడదు. కెన్ ఆర్ నాట్?" అన్నాడు. ఆయన అలా అడిగిన ప్రతిసారీ నేను "కెన్" అన్నాను. సింగపూర్‌లో ఇరవై ఆరేళ్లు ఉద్యోగం నిలబెట్టుకోవడానికి నాకు అక్కరకొచ్చిన ఇంగ్లీషు ఇంచుమించు ఆ ఒక్క ముక్కే.

అప్పటికి నా హోదా సీనియర్ డిజైన్ ఇంజనీర్, స్టాటిక్ ఎక్విప్‌మెంట్. స్టాటిక్ అంటే కదలనివి. మా యార్డు జురాంగ్‌లో ఉండేది, ప్రెషర్ వెసల్స్ తయారు చేసేది. ప్రెషర్ వెసల్ అంటే ఏమిటని మా బంధువులు ప్రతి పెళ్లిలోనూ అడుగుతారు. మీ ఇంట్లో కుక్కరుని పదంతస్తుల ఎత్తుకి సాగదీసి, విజిల్ పీకేసి, పప్పుకి బదులు మండే గ్యాసు నింపి, కింద బోల్టులు బిగించి, ముప్పై ఏళ్లు కదలకుండా నిలబెట్టండి. అదే. అలాంటివి గీసి, కట్టి, జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీలకి పంపేవాళ్లం. అవి ఎప్పుడైనా పేలితే వార్త కాబట్టి, పేలకుండా ఉండడం వార్త కాదు కాబట్టి, మా వృత్తిలో పేరు రాకపోవడమే పేరు.

కప్పు చరిత్ర మర్నాడు మిస్ గో వచ్చి చెప్పింది. ఆవిడ ఒక కాలేజీలో పీఈటీ టీచరు, ఐదు కాలేజీల అమ్మాయిల ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌కి కార్యదర్శి, మిసెస్ కోకి స్నేహితురాలు. ఏదో విందులో ఆవిడ కప్పు కారుతోందని వాపోతే, మిస్టర్ కో చేపముక్క నోట్లో ఉండగానే, నలభై మీటర్ల టవర్లు కట్టేవాళ్లకి కప్పెంత, ఉచితంగా చేసిస్తానని మాటిచ్చేశాడట.

ఆ కప్పుని తయారు చేసింది ఒక కాలేజీ వర్క్‌షాప్ మాస్టారు. ఆయన అంతకుముందు తంజోంగ్ పగార్ రేవులో ఓడల మరమ్మతు చేసేవాడు. ఒక ముసలి ఓడ నుంచి విప్పిన ఇత్తడి దీపం గుల్లని బోర్లించి, వెండిపూత వేయించి, మూడు చెవులు తగిలించి కప్పన్నాడు. నేను కనిపెట్టినంతవరకూ లోకంలో కప్పులకి రెండు చెవులే ఉంటాయి, మనుషుల్లాగే. మూడోది ఎందుకని అడిగాను. రెండు గెలిచిన కెప్టెన్‌కి, మూడోది ఓడిన కెప్టెన్‌కి అని చెప్పింది మిస్ గో. ఆట అయ్యాక ఓడిన కెప్టెన్ మూడో చెవి పట్టుకుని, తిండి దుకాణాల హాకర్ సెంటర్ నుంచి తెచ్చిన చల్లటి చెరుకురసం కప్పులో పోయాలి. గెలిచిన కెప్టెన్ దాన్ని ఒక్కతే తలపైకి ఎత్తి, దించి, తాగాలి. మొదటి ఏడు నుంచీ అదే ఆచారం. ఓడినమ్మాయి పోయనని మొరాయించిన సంవత్సరం ఒక్కటి కూడా లేదని ఆవిడ గర్వంగా అంది.

రెండేళ్ల కిందట కప్పు అడుగున పగులిచ్చింది. ఎత్తగానే రసమంతా కెప్టెన్ నెత్తిన కారి, చీమలు పట్టి, కిందటేడు విజేత మెడ గోక్కుంటూ ఫోటోలకి నిలబడింది. చూయింగ్ గమ్‌తో అతికిద్దామంటే ఈ దేశంలో అది అమ్మరు.

ఆవిడ ఇంత చెప్పింది. ఇందులో నా చెవికెక్కినది ఒకే మాట: కారింది.

మీరు అర్థం చేసుకోవాలి. ఒక సంగీత విద్వాంసుడి ముందు అపశ్రుతి ఎలాంటిదో, ఒక అత్తగారి ముందు ఉప్పు లేని పప్పు ఎలాంటిదో, ప్రెషర్ వెసల్ వాడి ముందు కారడం అలాంటిది. నాకు ఒళ్లు మండింది. ఇక ఈ కప్పు నా ప్రాణం పోయినా కారదని మనసులో శపథం చేశాను.

పాత కప్పుని అరవై రెండు చోట్ల కొలిచాను. వ్యాసం, లోతు, చెవుల వంపు, సొట్టల సంఖ్య కూడా. తర్వాత లెక్కలకి కూర్చున్నాను. కప్పులో చెరుకురసం ఒత్తిడికి తట్టుకోవాలంటే రేకు మందం ఎంత ఉండాలి? లెక్క ప్రకారం సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చాలు. కానీ మా వృత్తిలో లెక్క చెప్పింది ఎవరూ వాడరు. కనీస మందం అని ఒకటుంది, అది మూడు మిల్లీమీటర్లు అనుకున్నాను. దాని మీద కరోజన్ అలవెన్స్ అని ఇంకొకటుంది. అంటే, లోపలి పదార్థం ఏటేటా లోహాన్ని కొంచెం కొంచెం తినేస్తుంది కాబట్టి, అది తినడానికి ముందే కొంత లోహం అదనంగా వడ్డించి ఉంచడం. చెరుకురసంలో నిమ్మకాయ పిండుతారు, కాబట్టి ఆమ్లం. ఆటగాళ్ల చెమట, కాబట్టి ఉప్పు. ఓడినవాళ్ల కన్నీళ్లు, కాబట్టి మళ్లీ ఉప్పు. ముప్పై ఏళ్లకి మరో మూడు మిల్లీమీటర్లు వడ్డించాను. మొత్తం ఆరు.

చెవులు ఊడిపోకుండా ఘనమైన కడ్డీతో. చెవి అతికేచోట గుల్ల చిరగకుండా కింద పట్టీలు. పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటుతో పీఠం. వాన ముందొచ్చే సుమత్రా గాలికి బల్ల మీంచి కప్పు పడిపోతుందేమోనని గాలి లెక్క ఒకటి. చివర్న మా ప్రతి వెసల్‌కీ ఉండేలాంటి నేమ్‌ప్లేట్, దాని మీద సీరియల్ నంబరు, డిజైన్ ఉష్ణోగ్రత, లోపలి పదార్థం: చెరుకురసం. నాలుగు షీట్ల డ్రాయింగు. కో అన్ని షీట్లూ తిప్పి, మూలన కంపెనీ చిహ్నం పెద్దగా ఉందో లేదో మాత్రం చూసి సంతకం పెట్టాడు.

ఇంతటి మహాకార్యంలో నేను చేయని పని ఒక్కటే. పాత కప్పుని తూచలేదు.

తూచాలని తోచదు మాకు. మా యార్డులో ఒక వస్తువు కదలాలంటే పైన పట్టాల మీద నడిచే క్రేన్ వస్తుంది, గొలుసులు దిగుతాయి, వస్తువు లేస్తుంది. పది టన్నులదైనా, పది కిలోలదైనా అదే క్రేన్, అవే గొలుసులు. బరువు క్రేన్ ఆపరేటరు సంగతి. ఆ మూడు వారాల్లో ఆ కప్పుని మనిషన్నవాడు చేత్తో ముట్టుకున్నది తుడవడానికి మాత్రమే.

వెల్డింగ్ పాక్ రహీం చేశాడు. కాగితం మీద మా యార్డులో వరస ఇది: మిస్టర్ కో, నేను, క్వాలిటీవాళ్లు, ఫోర్‌మన్, వెల్డర్లు. కాగితం అవతల వరస: పాక్ రహీం, తర్వాత మిగతావాళ్లం. పాక్ అంటే మలయ్‌లో నాన్నంతటివాడు. మనిషి బక్కపలచన, కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు. ముప్పై ఆరేళ్ల సర్వీసు, ఆ నెలాఖరుకి రిటైర్మెంటు. ఆయన టార్చి పట్టుకుంటే ఎగిరే ఈగ కూడా గోడకి ఆనుకుని నిలబడుతుందని చెప్పుకునేవాళ్లం. మా యార్డు భాష ఇంగ్లీషు, మలయ్, తమిళం, చైనావాళ్ల హొక్కియెన్ ఒకే గిన్నెలో కలిపిన సంకటి. తెలుగులో రాస్తున్నాను గానీ, వాక్యం చివర "లా" మాత్రం మీ కోసం అట్టే ఉంచుతున్నాను.

వెల్డింగ్‌లో మొదటి వరసని రూట్ అంటారు. రెండు అంచులు మొట్టమొదట కలిసే చోటు, గుల్ల లోపలివైపు కనబడే సన్నటి గీత. పైన ఎన్ని వరసలైనా పోయవచ్చు, గ్రైండరుతో నున్నగా చేయవచ్చు. రూట్ మాత్రం చేయి తిరిగినవాడికే సమంగా వస్తుంది. వెల్డర్లు ఒకరి పని ఒకరు తూకం వేసేది దాన్ని బట్టే. మా దురదృష్టం ఏమిటంటే, వెసల్ మూసుకున్నాక రూట్ లోపలే ఉండిపోతుంది. తర్వాత దాన్ని చూసేది గ్యాసు మాత్రమే.

కప్పు అతికిన రోజు పాక్ రహీం నన్ను పిలిచి, లోపలికి టార్చిలైటు కొట్టి, "టెంగొక్" అన్నాడు. చూడు అని. చూశాను. నిలువుగా ఒకటి, అడుగున గుండ్రంగా ఒకటి, రెండు గీతలు. ఇరవై ఆరేళ్లలో నేను వేల రూట్లు చూశాను. అంత సమంగా ఉన్నదాన్ని చూడలేదు. పేర్చిన పైసా బిళ్లల్లా ఒకదాని మీద ఒకటి ఆనుకుని, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకుండా ఉంది. ఈసారి నేను అతిశయోక్తి చెప్పడం లేదు.

ఆయన అన్నాడు: "ముప్పై ఆరేళ్లు ప్రభా. మా ఆవిడ నా పని ఒక్కటి కూడా చూడలేదు. ఎలా చూస్తుంది? అన్నీ లోపల. ఐలాండ్‌లోకి పాసు లేకుండా పంపరు. ఈ కప్పుకి మూత లేదు లా. శనివారం ఆట చూడ్డానికి తీసుకొస్తున్నా. లోపలికి తొంగి చూడమంటా."

కప్పుకి నీళ్లు నింపి ఇరవై నాలుగు గంటలు ఉంచాం. చుక్క రాలలేదు. రంగు పరీక్ష చేశాం. అంటే ఎర్ర రంగు పూసి తుడిచి తెల్లపొడి చల్లడం, పగులుంటే ఎర్రగా బయటపడుతుంది. పడలేదు. నేను రిపోర్టు మీద సంతకం చేస్తూ, ఆకాశం నుంచి దేవతలు చూస్తున్నారేమోనని ఒకసారి పైకి చూశాను. క్రేన్ కనబడింది.

శనివారం ఫైనల్ అనగా బుధవారం మధ్యాహ్నం మిస్ గో తన చిన్న కారులో కప్పు తీసుకెళ్లడానికి వచ్చింది. క్రేన్ కప్పుని బల్ల మీదకి దింపింది. ఆవిడ చుట్టూ తిరిగి చూసి, చేతులు రెండూ చెంపలకి ఆనించుకుని, "అయ్యో, సో బ్యూటిఫుల్" అంది. తర్వాత రెండు చెవులు పట్టుకుని ఎత్తింది.

కప్పు కదల్లేదు.

మళ్లీ ఎత్తింది. ఆవిడ మడమలు లేచాయి, కప్పు లేవలేదు. నావైపు తిరిగి మర్యాదగా అడిగింది: "ఇంకా బల్లకి బోల్టులు బిగించే ఉంచారా?"

"లేదు" అన్నాను.

"మరి?"

నాలుగు షీట్ల డ్రాయింగూ తిరగేశాను, బరువన్న గడి ఎక్కడా లేదు. క్రేన్ కొక్కేనికి తూకం మీటరు తగిలించాం. ముప్పై ఎనిమిది కిలోలు. మిస్ గో ఆ అంకె చూసి, రెండు జట్ల కెప్టెన్లలో ఒకమ్మాయి బరువు నలభై ఆరని మెల్లగా చెప్పింది. పాత కప్పు తెచ్చి అదే కొక్కేనికి తగిలించాం. ఏడు.

తర్వాతి అరగంటలో మా యార్డు మేధస్సు మొత్తం బయటికొచ్చింది. ముగ్గురు కలిసి ఎత్తవచ్చు కదా, చెవులు మూడున్నాయి కదా అన్నాడు కో. గెలిచినమ్మాయి ఒక్కతే ఎత్తాలి, అదే ఆచారం అంది మిస్ గో. నేను ఇంకా దిగజారాను. మైదానం మధ్యలో చిన్న ముక్కాలి స్టాండు నిలబెట్టి, గొలుసు కప్పీ తగిలిస్తే, కెప్టెన్ గొలుసు లాగుతుంది, కప్పు లేస్తుంది, పైగా సురక్షితం అన్నాను. కో కళ్లు మెరిశాయి, స్టాండు మీద కూడా కంపెనీ చిహ్నం వేయొచ్చన్నాడు. మిస్ గో మా ఇద్దరినీ చూసిన చూపు, పరీక్షలో ఫుట్‌బాల్ నలుచదరంగా గీసిన పిల్లల వైపు చూసే చూపు. "శుక్రవారం సాయంత్రం వస్తాను" అని మాత్రం చెప్పి, పాత కప్పు ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆవిడ కారు గేటు దాటకముందే కో తేల్చేశాడు: లేత్ మిషను మీద తిప్పుతూ లోపలివైపు నాలుగు మిల్లీమీటర్లు కోసేయండి. సగం రోజు పని. చెవులు ఉన్నచోటే ఉంటాయి, చిహ్నం ఉన్నచోటే ఉంటుంది. "లోపల ఎవరు చూస్తారు లా?"

పాక్ రహీం రూట్ పోతుందని చెప్పడానికి నేను నోరు తెరిచాను. అలవాటు చొప్పున "కెన్" అనే వచ్చింది.

ఆ సాయంత్రం జురాంగ్ ఈస్ట్‌లో రైలు దిగి ఇంటికెళ్లేసరికి నా మొహం చూసి మా ఆవిడ వసంతకి సంగతి తెలిసిపోయింది. మాది తెనాలి. ఇరవై ఆరేళ్లు సింగపూర్‌లో ఉన్నా ఆవిడ తెనాలి రవ్వంత కూడా అరగలేదు.

"ఏంటండీ అలా ఉన్నారు? ఎక్కడన్నా కారిందా?"

"కారలేదు. అదే వచ్చిన చిక్కు" అని మొత్తం చెప్పాను.

"ముప్పై ఎనిమిదా! ఇరవై కేజీల బియ్యం బస్తా లిఫ్టు దగ్గర్నుంచి తలుపు దాకా తేలేక మీరు ట్రాలీ కొన్నారు కదండీ. ఎత్తే పిల్లని ఒక్కసారన్నా పిలిచి అడిగారా?"

"అలా అడిగే ప్రొసీజరు మాకు లేదు."

"ప్రొసీజరు లేదు సరే, నోరు లేదా?" అంది. చారు వడ్డిస్తూ ఆగి, "మరి ఆ రహీం గారి భార్యకి శనివారం ఏం చూపిస్తారు? గీకేసిన గిన్నా?" అంది. తర్వాత ఆవిడ అప్పడాలు వేయించింది, నేను తిన్నాను, కానీ రుచి గుర్తులేదు. అప్పడం రుచి గుర్తులేకపోవడం నా జీవితంలో అదొక్కసారే.

గురువారం ఉదయం పది గంటల టీ విరామంలో పాక్ రహీం దగ్గరికెళ్లాను. ఆయన క్యాంటీన్‌లో తన మామూలు కుర్చీ మీద టిష్యూ పొట్లం పెట్టి చోప్ చేసుకుని, అంటే ఇది నాదని ఆపి ఉంచుకుని, టీ తెచ్చుకుంటున్నాడు. కప్పు బరువు సంగతి ఆయనకి తెలిసిపోయింది. దాన్ని ఎలా తగ్గిస్తున్నామో తెలియదు. లోపలివైపు కోయాలని కో అన్నాడని చెప్పాను. సరేనన్నానని కూడా చెప్పాను.

ఆయన టీ చల్లార్చుకోవడం ఆపేశాడు. గ్లాసు పక్కన పెట్టి అడిగాడు:

"ఆరు ఎందుకు పెట్టావు?"

"మూడు కనీసం. మూడు తుప్పుకి."

"ఏం తుప్పు?"

"చెరుకురసం."

"ఏడాదికి ఎన్నిసార్లు పోస్తారు?"

"ఒకసారి."

"ఎంతసేపు ఉంటుంది?"

"తాగేదాకా."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ప్రభా, నేను ముప్పై ఏళ్లుగా రోజూ చెరుకురసం తాగుతున్నా. నా కడుపు మందం ఎంతో తెలుసా నీకు?" పక్క బల్లల వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి బల్ల మీద రెండు గీతలు గీశాడు, గుల్ల గోడ. లోపలి గీత మీద వేలు పెట్టి, "ఇది నాది. ముట్టుకోవద్దు" అన్నాడు. బయటి గీత మీద వేలు పెట్టి, "ఇది నీది. ఇక్కణ్ణుంచి తియ్యి" అన్నాడు.

అది నాకు తోచలేదని కాదు. బయటి నుంచి కోయాలంటే బయట ఉన్నవన్నీ ముందు ఊడదీయాలి. మూడు చెవులు, వాటి కింద నా పట్టీలు, నా పీఠం, నా నేమ్‌ప్లేట్. ఆరు రోజుల పని రెండు రోజుల్లో మళ్లీ చేయాలి. పైగా లేత్ మీద రెండు మిల్లీమీటర్ల దాకా పలచబడిన గుల్ల అదిరితే, పనిముట్టు ఆ పక్కకి దూసుకుపోతుంది. అప్పుడు రూట్ ఉండదు, కప్పూ ఉండదు. ఇవన్నీ చెప్పాను.

"చెవులు నేను మళ్లీ వేస్తా. గొట్టంతో వెయ్యి, కడ్డీ వద్దు" అన్నాడు. "నీ పట్టీలు ఎవరికి కావాలి లా? పారెయ్యి."

ఇంకో చిక్కుంది, దాన్ని ఆయన ఎత్తలేదు. మా యార్డులో ఏ వెల్డింగ్ కోసి మళ్లీ అతికినా కంప్యూటరు దాన్ని ఆ వెల్డరు పేరు మీద మరమ్మతుగా లెక్కేసుకుంటుంది. పాక్ రహీం పేరు మీద పదకొండేళ్లుగా ఒక్క మరమ్మతు లేదు. మూడు చెవులు కోస్తే, రిటైరయ్యే నెలలో మూడు మరమ్మతులు. అలా పడకుండా ఉండాలంటే ఎన్‌సీఆర్ అనే కాగితం రాయాలి. పని ఎక్కడ తప్పిందో, ఎవరి వల్ల తప్పిందో నమోదు చేసే ఫారం అది. అందులో కారణం అన్నచోట నాలుగు గళ్లుంటాయి: సరుకు, వెల్డింగ్, కస్టమర్, డిజైన్.

ఫారం పట్టుకుని కో దగ్గరికెళ్లి, బయటి నుంచి కోస్తామని చెప్పాను. గడువు దాటితే పరువు ఎవరిదని అడిగాడు. నాదన్నాను. ఆయన ఫారం అందుకుని, వేలుతో చూపిస్తూ, కస్టమర్ గడిలో టిక్ పెట్టమన్నాడు. బరువు గురించి వాళ్లు ముందు చెప్పలేదు కదా, తర్వాత మాట మార్చారని రాసుకోవచ్చు. మర్యాదస్తుడు, నా మేలు కోరే అన్నాడు. ఇరవై ఆరేళ్లలో నా పేరు మీద డిజైన్ గడి ఒక్కసారి కూడా నిండలేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, మా ఆఫీసులో జిరాక్స్ మిషనుకీ తెలుసు; నేనే చెప్పి ఉంటాను.

డిజైన్ గడిలో టిక్ పెట్టాను. వివరణ అన్నచోట రాశాను: ఎత్తేది మనిషి అన్న విషయం డిజైనరు పరిగణించలేదు. కో చదివి, "చాలా పెద్ద అక్షరాలు రాశావు" అని సంతకం పెట్టాడు.

గురువారం మధ్యాహ్నానికి చెవులు, పీఠం, పట్టీలు ఊడాయి. కప్పు లోపల రూట్ మీద పాక్ రహీం తన పాత నూలు చొక్కా చింపి పొరలుగా పరిచాడు. దాని మీద చెక్క దిమ్మ బిగించాం, గోడ అదరకుండా. లేత్ తిరగడం మొదలైంది. ఒక్కో కోతకి పావు మిల్లీమీటరు కంటే ఎక్కువ వద్దన్నాను. ప్రతి కోత తర్వాతా మిషను ఆపి, మందం చూసే అల్ట్రాసోనిక్ మీటరుతో పన్నెండు చోట్ల కొలిచి, పుస్తకంలో రాసుకోవడం నా వంతు. ఐదు, నాలుగు ముప్పావు, నాలుగున్నర. మెరిసే చుట్టలు నేలంతా పడ్డాయి. అవన్నీ నేను ప్రేమగా వడ్డించిన తుప్పు వాటా.

శుక్రవారం ఉదయం పదకొండు గంటలకి, మందం రెండుంబావు దగ్గర ఉండగా, గుల్ల ఒక్కసారి కీచుమంది. లేత్ నడిపేవాడు చేయి వెనక్కి లాగాడు. పాక్ రహీం రెండు కళ్లజోళ్లూ తీసేశాడు. వెళ్లి మీటరు పెట్టాను. పదకొండు చోట్ల రెండుంబావు, ఒక్కచోట రెండు. ఇంకొక్క కోత వేయొచ్చని లెక్క చెబుతోంది. ఈసారి లెక్కని పక్కన పెట్టి, చెవికి వినబడిన కీచునే నమ్మాను. "చాలు, ఆపేద్దాం" అన్నాను.

మధ్యాహ్నం గొట్టపు చెవులు మూడూ పాక్ రహీం అతికాడు. పలచటి పీఠం, పాలిష్, మళ్లీ నీటి పరీక్ష. ఈసారి ఇరవై నాలుగు గంటల టైము లేదు. రెండు గంటలు కళ్లార్పకుండా చూశాను. నాలుగింటికి కొక్కేనికి తగిలించి తూచాం. పన్నెండున్నర. మిస్ గో ఐదింటికొచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా రెండు చెవులు పట్టుకుని, తలపైకి ఎత్తి, దించింది. "కెన్" అంది.

శనివారం ఆట రెండు-ఒకటితో తేలింది, ఎవరు గెలిచారో రాస్తే ఆ కాలేజీవాళ్లు దీన్ని ఫ్రేము కట్టించుకుంటారు కాబట్టి రాయను. ఆటకి ముందు కప్పు డేరా కింద బల్ల మీద ఉండగా పాక్ రహీం తన భార్యని తీసుకొచ్చాడు. మక్‌చిక్ జైతూన్ అని పిలిచాం. మక్‌చిక్ అంటే మన అత్తయ్య, పిన్ని లాంటి పిలుపు. ఆవిడ టైలరు, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఫోను లైటు వేసి, కప్పులోకి తల దూర్చి, చాలాసేపు చూసింది. పాక్ రహీం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా.

"ఈ గీతేనా?" అంది లోపలి నుంచి.

"అవును."

"దీనికోసమేనా ముప్పై ఆరేళ్లు ఆలస్యంగా ఇంటికొచ్చావు?"

ఆవిడ చేయి లోపల పెట్టి, గీత పొడవునా వేలుతో తడుముతూ అడుగు దాకా వెళ్లి, గుండ్రంగా తిరిగి, మొదలైనచోటికి వచ్చి ఆగింది. తల బయటికి తీసి, "ముడి ఎక్కడ వేశావో దొరకలేదు" అంది. కుట్టుపనివాళ్లలో అంతకు మించిన మాట లేదని తర్వాత పాక్ రహీం నాకు మూడుసార్లు చెప్పాడు, ఒకసారి చెప్పానని మరిచిపోయి.

ఓడినమ్మాయి మూడో చెవి పట్టుకుని చెరుకురసం పోసింది. గెలిచినమ్మాయి ఎత్తింది. అందరూ పైకి, కప్పు కింద భాగం వైపు చూశారు, పాత అలవాటు. ఏమీ రాలలేదు. వసంత నన్ను మోచేత్తో పొడిచి, "ఇప్పుడు ఊపిరి పీల్చండి" అంది.

నేను ఆ యార్డులో మరో రెండేళ్లు పనిచేసి, యాభై ఆరో ఏట స్వచ్ఛందంగా రిటైరయ్యాను. ఆ కప్పు వల్ల తెలిసినవి రెండు. ఒకటి, దేన్నైనా గీసేముందు దాన్ని ఎవరు ఎత్తుతారో, ఎలా ఎత్తుతారో లెక్కల కాగితంలో మొదటి వరసలోనే రాయాలి. మా వృత్తి నియమాల కోడ్ పుస్తకం ఆ ప్రశ్న అడగదు కాబట్టి మనమే అడగాలి. రెండు, డిజైనరు అదనంగా పెట్టినదాన్ని తగ్గించాల్సి వచ్చినప్పుడు, కోత ముందు అతని వైపు నుంచే మొదలవ్వాలి. అది ఎప్పుడూ ఎక్కువ పనే. నా విషయంలో ఒక రోజున్నర ఎక్కువ పట్టింది.